వార్సా ఒప్పందం, నాటో: సభ్యదేశం కూటమిని కాదనగలిగిందా?

మూసీఒడ్డు:

అందరికీ నమస్కారం. నేను జూనియర్ కళాశాలలో చరిత్ర అధ్యాపకుడిని. ప్రచ్ఛన్న యుద్ధం పాఠం వచ్చినప్పుడు 1949లో అమెరికా నాయకత్వంలో నాటో సైనిక కూటమి ఏర్పడిందనీ, దానికి పోటీగా 1955లో సోవియట్ యూనియన్ వార్సా ఒప్పందాన్ని నిలబెట్టిందనీ చెప్పి ముందుకు సాగడం మాకు అలవాటు. ఈ ఏడాది ఒక విద్యార్థిని, పోటీగా పెట్టినదే అయితే ఆరేళ్లు ఎందుకు ఆగారని అడిగింది. ఆ వెంటనే మరో విద్యార్థి, బయటి శత్రువు నుంచి కాపాడుకోవడానికి పెట్టుకున్న కూటమి తన జీవితకాలంలో చేసిన అతిపెద్ద సైనిక చర్య సొంత సభ్యదేశమైన చెకొస్లోవేకియా మీదే ఎందుకు జరిగిందని అడిగాడు. రెండూ పాఠ్యపుస్తకం గీత దాటిన ప్రశ్నలే. వాటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉందని నా అనుమానం. ఈ కాలాన్ని శ్రద్ధగా చదివినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక, తేదీలతో, కారణాలతో వివరించవలసిందిగా కోరుతున్నాను.

పాతపటాలు:

మూసీఒడ్డు గారూ, మీ అనుమానం సరైనదే. 1949లో మాస్కోకు అలాంటి ఒప్పందం అవసరమే లేదన్న సంగతితో మొదలుపెడితే ఆరేళ్ల వ్యవధి అర్థమవుతుంది. తూర్పు ఐరోపా దేశాలతో విడివిడిగా స్నేహ, పరస్పర సహాయ ఒప్పందాలు అప్పటికే ఉన్నాయి. ఆ దేశాల సైన్యాల్లో సోవియట్ సలహాదారులు ఉన్నారు. పోలండ్‌కైతే 1949 నవంబరులో సోవియట్ మార్షల్ రొకొసోవ్‌స్కీనే రక్షణమంత్రిగా పంపారు. స్టాలిన్ బతికి ఉన్నంతకాలం ఆజ్ఞ ఇవ్వడానికి ఉమ్మడి పత్రం ఏదీ అక్కర లేకపోయింది.

పరిస్థితిని మార్చింది జర్మనీ. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలయ్యాక, పశ్చిమ జర్మనీకి మళ్లీ ఆయుధాలు ఇవ్వక తప్పదని అమెరికా పట్టుబట్టింది. జర్మన్ సైన్యం విడిగా తలెత్తకుండా దాన్ని ఐరోపా ఉమ్మడి సైన్యంలో కలిపేయాలన్న పథకాన్ని ముందుకు తెచ్చింది ఫ్రాన్సే. 1954 ఆగస్టు 30న దాన్ని ఓడించింది కూడా ఫ్రెంచ్ జాతీయ సభే. అక్టోబరులో పారిస్ ఒప్పందాలు కుదిరాయి. 1955 మే తొలి పది రోజుల్లోనే పశ్చిమ జర్మనీ నాటో సభ్యదేశమైంది. మే 14న సోవియట్ యూనియన్, పోలండ్, తూర్పు జర్మనీ, చెకొస్లోవేకియా, హంగరీ, రుమేనియా, బల్గేరియా, అల్బేనియాలు వార్సాలో సంతకాలు చేశాయి. కాబట్టి వార్సా ఒప్పందం జవాబిచ్చింది 1949 నాటి నాటోకు కాదు, జర్మనీ వచ్చి చేరిన నాటోకు.

మరో తేదీని చాలా పుస్తకాలు వదిలేస్తాయి. వార్సా సంతకాల మరునాడే, అంటే మే 15న, వియన్నాలో, విదేశీ సేనలు వెళ్లిపోయి ఆస్ట్రియా తిరిగి స్వతంత్రమయ్యేందుకు కుదిరిన రాజ్య ఒప్పందంపై సంతకాలు జరిగాయి. హంగరీ, రుమేనియాల్లో సోవియట్ సేనలు కొనసాగడానికి 1947 శాంతి ఒప్పందాలు ఒప్పుకున్న కారణం ఒక్కటే: ఆస్ట్రియాలో సోవియట్ అధీనంలో ఉన్న మండలానికి రాకపోకల మార్గాన్ని కాపాడటం. ఆస్ట్రియా నుంచి సేనలు వెళ్లిపోతే ఆ కారణమూ పోతుంది. ఒక్క రోజు ముందు కుదిరిన వార్సా ఒప్పందం ఆ సేనలను అక్కడే ఉంచడానికి కొత్త ఆధారమైంది. మీ రెండో విద్యార్థి ప్రశ్నకు జవాబు ఈ రెండు రోజుల్లోనే మొదలవుతుందని నేను అనుకుంటున్నాను.

అధికరణం:

పాతపటాలు గారు చెప్పినదానికి ఒప్పందాల పాఠాన్ని జోడిస్తాను. చట్టం చదివినవాడిని కనుక నా దృష్టి ముందుగా అటే పోతుంది.

నాటో ఒప్పందంలోని 5వ అధికరణం ప్రకారం ఒక సభ్యదేశంపై సాయుధ దాడి అందరిపై దాడిగా పరిగణించబడుతుంది. అయితే ప్రతి దేశమూ తాను అవసరమని భావించిన చర్య తీసుకుంటుంది. సైనిక బలప్రయోగం అందులో ఒకటి మాత్రమే. యుద్ధంలోకి దానంతటదే దిగిపోయే బాధ్యతకు అమెరికా సెనేట్ ఒప్పుకోదన్న గ్రహింపు ఆ మాటల వెనుక ఉంది. వార్సా ఒప్పందంలోని 4వ అధికరణం కూడా దాదాపు ఇదే పోకడలో సాగుతుంది, కాకపోతే అది ఐరోపాలో జరిగే దాడికే పరిమితం. రెండూ ఐక్యరాజ్యసమితి నిబంధనావళిలోని 51వ అధికరణాన్నే ఆధారంగా చూపుతాయి.

వార్సా ఒప్పందంలోని 8వ అధికరణాన్ని మీ విద్యార్థుల చేత చదివించండి. సభ్యదేశాలు పరస్పరం స్వాతంత్ర్యాన్నీ సార్వభౌమత్వాన్నీ గౌరవించాలనీ, ఒకరి అంతరంగిక వ్యవహారాల్లో మరొకరు జోక్యం చేసుకోరాదనీ అది స్పష్టంగా చెబుతుంది. 1956లో హంగరీలోకీ, 1968లో చెకొస్లోవేకియాలోకీ ట్యాంకులు సరిహద్దు దాటినప్పుడు ఈ అధికరణం అమలులోనే ఉంది.

గడువు విషయంలోనూ తేడా ఉంది. నాటోలో ఇరవై ఏళ్లు నిండాక ఏ దేశమైనా ఒక ఏడాది ముందు తెలియజేసి వెళ్లిపోవచ్చు. వార్సా ఒప్పందానికీ ఇరవై ఏళ్ల గడువే ఉంది. గడువు ముగియడానికి ఏడాది ముందు వద్దని చెప్పని దేశాలకు అది మరో పదేళ్లు సాగుతుంది. ఐరోపా అంతటికీ ఒక సామూహిక భద్రతా ఒప్పందం కుదిరిననాడు తనంతట తానే రద్దవుతుందని కూడా అందులో రాసి ఉంది. పాఠం మాత్రమే చూస్తే రెండు కూటములనూ విడదీసి చెప్పడం కష్టం. ఒక సభ్యదేశం కాదన్నప్పుడు ఏం జరిగిందన్నదే అసలు పరీక్ష.

పాతపటాలు:

ఆ పరీక్ష తొలిసారి జరిగింది హంగరీలో. 1956 అక్టోబరు 23న బుడాపెస్ట్‌లో తిరుగుబాటు మొదలైంది. అక్టోబరు 30న సోవియట్ ప్రభుత్వం, సోషలిస్టు దేశాల మధ్య సంబంధాలు సమానత్వం మీద నడవాలనీ, సేనల ఉనికి గురించి చర్చించడానికి తాను సిద్ధమనీ ఒక ప్రకటన విడుదల చేసింది. మరునాడే మాస్కో నాయకత్వం మనసు మార్చుకుని సైనిక చర్యకు నిర్ణయించింది. కొత్త సేనలు దేశంలోకి వస్తున్నాయని తెలిసిన ప్రధాని ఇమ్రె నాజ్, నవంబరు 1న సోవియట్ రాయబారి ఆంద్రోపోవ్‌ను పిలిపించి వివరణ అడిగారు. తృప్తికరమైన సమాధానం రాకపోవడంతో హంగరీ వార్సా ఒప్పందం నుంచి వైదొలగుతోందనీ, తటస్థ దేశంగా ఉంటుందనీ ఆ రోజే ప్రకటించారు.

తరువాత జరిగినదాన్ని కాస్త దగ్గర నుంచి చూడాలి. రక్షణమంత్రి పాల్ మాలెటర్ సోవియట్ సేనల ఉపసంహరణ గురించి మాట్లాడటానికి నవంబరు 3 రాత్రి బుడాపెస్ట్ దగ్గరి టొకోల్ సైనిక స్థావరానికి వెళ్లారు. సంప్రదింపుల బల్ల దగ్గరే ఆయనను నిర్బంధించారు. తెల్లవారేసరికి నగరంలోకి ట్యాంకులు వచ్చేశాయి. ఆ దాడిని నడిపినవాడు వార్సా కూటమి ఉమ్మడి సేనాధిపతి మార్షల్ కోనెవ్. వచ్చిన సేనలు మాత్రం పూర్తిగా సోవియట్‌వే. దాదాపు 2,500 మంది హంగరీ పౌరులు చనిపోయారు, రెండు లక్షల మంది దేశం విడిచి వెళ్లారు. నాజ్‌నూ మాలెటర్‌నూ 1958 జూన్ 16న ఉరితీశారు.

సరిగ్గా అదే వారంలో బ్రిటన్, ఫ్రాన్సులు సూయజ్ మీద దాడికి దిగాయి. తన ప్రధాన మిత్రదేశాలైనా సరే, అమెరికాలోని ఐజెన్‌హోవర్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితిలో వాటికి వ్యతిరేకంగా నిలిచి, ఆర్థిక ఒత్తిడి తెచ్చి వెనక్కి మళ్లించింది. రెండు అగ్రరాజ్యాలూ తమ మిత్రులను అదుపు చేశాయి, నిజమే. కానీ ఒకటి పౌండు విలువను పట్టుకుని అదుపు చేసింది, రెండోది ట్యాంకులతో చేసింది. ఈ తేడాను చిన్నదిగా చూడటానికి నా మనసు ఒప్పదు.

కృష్ణాతీరం:

మిత్రులారా, చర్చ ఒక వైపుకే ఒరుగుతున్నట్టు కనిపిస్తోంది. హంగరీలో జరిగినదాన్ని నేను సమర్థించను. కానీ మాస్కో కళ్లతో పటాన్ని చూడకపోతే ఈ చరిత్ర సగమే అర్థమవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ యూనియన్ రెండున్నర కోట్లకు పైగా ప్రజలను పోగొట్టుకుంది. దాడి వచ్చింది పోలండ్ మైదానాల మీదుగా. హంగరీ, రుమేనియా సైన్యాలు హిట్లర్ సేనల పక్కన నిలబడి స్టాలిన్‌గ్రాడ్ దాకా నడిచాయి. యుద్ధం ముగిసి పదేళ్లు గడవకముందే జర్మనీ చేతికి మళ్లీ తుపాకీ ఇస్తున్నారంటే అక్కడి సామాన్యుడికి కూడా భయం కలగడంలో వింతేముంది? 1954 మార్చి 31న సోవియట్ ప్రభుత్వం, నాటోలో తాను చేరే విషయాన్ని పరిశీలించడానికి సిద్ధమని పశ్చిమ దేశాలకు లేఖ రాసింది. ఎత్తుగడే అయి ఉండవచ్చు. కానీ దాన్ని పరీక్షించి చూడకుండానే మే నెలలో తోసిపుచ్చారు.

పశ్చిమ దేశాలు తమను తాము స్వేచ్ఛాప్రపంచం అని పిలుచుకున్న మాటను కూడా పట్టి చూడాలి. నాటో స్థాపక సభ్యుల్లో సలజార్ నియంతృత్వంలోని పోర్చుగల్ ఉంది. 1967లో గ్రీసులో సైనికాధికారులు ప్రభుత్వాన్ని కూలదోసి ఏడేళ్లు పాలించారు. ఆ ఏడేళ్లూ గ్రీసు నాటోలోనే ఉంది. క్యూబాలో సోవియట్ క్షిపణుల మీద 1962లో తలెత్తిన సంక్షోభం మరో ఉదాహరణ. తుర్కియేలో ఇజ్మీర్ దగ్గర అమెరికా 15 జూపిటర్ క్షిపణులను నిలిపింది. అక్టోబరు 27 సాయంత్రం అమెరికా అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ సోవియట్ రాయబారి దొబ్రినిన్‌ను కలిసి, క్యూబా నుంచి సోవియట్ క్షిపణులు వెళ్లిపోతే వీటిని తీసేస్తామని రహస్యంగా మాట ఇచ్చారు. ఆ బేరం సంగతి తుర్కియేకు చెప్పలేదు, నాటో మండలికీ చెప్పలేదు. పాతికేళ్ల తరువాత గాని అది పూర్తిగా బయటపడలేదు. సమానుల కూటమిలో ఇలా జరుగుతుందా?

మనం దూరం నుంచి తీర్పు చెప్పడమూ తేలిక కాదు. 1956 నవంబరు 9న హంగరీలో స్వేచ్ఛాయుత ఎన్నికలు జరపాలని కోరిన తీర్మానం ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ముందుకు వచ్చినప్పుడు, దానికి వ్యతిరేకంగా ఓటు వేసిన ఒకే ఒక్క కమ్యూనిస్టేతర దేశం భారతదేశం. ఆ ఓటు వేసినవారు కృష్ణ మేనన్. అలీన విధానం కూడా తన ప్రయోజనాలను లెక్క వేసుకునే నడిచింది.

అధికరణం:

కృష్ణాతీరం గారూ, పోర్చుగల్, గ్రీసుల గురించి మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటున్నాను. నాటో సభ్యత్వానికి ప్రజాస్వామ్యమే అర్హత అని ఎవరైనా అంటే అది నిజం కాదు. అయితే నా ప్రశ్న సభ్యదేశం లోపలి పాలన గురించి కాదు. కూటమి పెద్దకు ఎదురుచెప్పిన దేశానికి ఏమైందన్నది.

1966 మార్చి 7న ఫ్రెంచ్ అధ్యక్షుడు ద గాల్, అమెరికా అధ్యక్షుడు జాన్సన్‌కు లేఖ రాశారు. ఫ్రాన్సు ఒప్పందంలో కొనసాగుతుంది గాని ఉమ్మడి సైనిక కమాండ్ నుంచి తప్పుకుంటుందనీ, ఫ్రెంచ్ గడ్డ మీద విదేశీ సేనలు ఉండరాదనీ దాని సారాంశం. 1967 ఏప్రిల్ 1 గడువు. అమెరికా వైమానిక స్థావరాలు, ఇంధన గొట్టాలు, గిడ్డంగులు, వేల మంది సిబ్బంది, వారి కుటుంబాలు, బడులు అన్నీ కదలవలసి వచ్చింది. నాటో కేంద్ర కార్యాలయం పారిస్ నుంచి బ్రస్సెల్స్‌కూ, ఐరోపా సర్వసేనాధిపతి కార్యాలయం బెల్జియంలోని మోన్స్ పట్టణం దగ్గరికీ తరలిపోయాయి. వాషింగ్టన్‌లో కోపం లేకపోలేదు. కానీ ఒక్క సైనికుడూ పారిస్ మీదికి నడవలేదు. అంతటితో ఆగలేదు, 1967లోనే ఫ్రెంచ్ సేనాని ఎయెరె, నాటో సేనాధిపతి లెమ్నిట్జర్‌ల మధ్య, యుద్ధం వస్తే ఫ్రెంచ్ దళాలు ఎలా కలిసి పోరాడాలన్న అవగాహన కూడా కుదిరింది. ఫ్రాన్సు ఉమ్మడి కమాండ్‌లోకి తిరిగి వచ్చింది 2009లో. గ్రీసు కూడా 1974లో సైప్రస్ వివాదం మీద బయటికి వెళ్లి 1980లో తిరిగి వచ్చింది.

మూసీఒడ్డు:

చాలా ఉపయోగంగా ఉంది. ఒక సందేహం. 1968లో చెకొస్లోవేకియాను దండించినవారు అదే సమయంలో రుమేనియాను ఎందుకు వదిలేశారు? రుమేనియా నాయకుడు చౌషెస్కు బహిరంగంగా మాస్కోను విమర్శించారు కదా. చెకొస్లోవేకియాలో సంస్కరణలు మొదలుపెట్టిన పార్టీ నాయకుడు దుబ్‌చెక్ వార్సా ఒప్పందం నుంచి వెళ్లిపోతానని కూడా అనలేదు.

పాతపటాలు:

ఈ ప్రశ్న చాలా మంచిది. దీనికి జవాబు పటంలో కొంత, పార్టీలో కొంత ఉంది.

పటం సంగతి ముందు. చెకొస్లోవేకియాకు పశ్చిమ జర్మనీతో నేరుగా సరిహద్దు ఉంది, తూర్పున సోవియట్ యూనియన్‌తోనూ ఉంది. అయినా 1968 ఆగస్టు దాకా అక్కడ సోవియట్ సేనలు స్థిరంగా లేవు. తూర్పు జర్మనీలోనూ పోలండ్‌లోనూ హంగరీలోనూ ఉన్నాయి. సోవియట్ సేనానుల దృష్టిలో అది గోడలో ఖాళీ ఇటుక లాంటిది. రుమేనియాకైతే నాటో దేశంతో భూ సరిహద్దే లేదు. అక్కడి సోవియట్ సేనలు 1958లోనే వెళ్లిపోయాయి. దాని చుట్టూ ఉన్నవి సోవియట్ యూనియన్, హంగరీ, బల్గేరియా, అలీన దేశమైన యుగోస్లావియా.

పార్టీ సంగతి అంతకంటే ముఖ్యం. చౌషెస్కు విదేశాంగ విధానంలో ఎదురు తిరిగినా, దేశంలో పార్టీ పట్టు ఇసుమంతైనా సడలలేదు. ప్రాగ్‌లో పత్రికల మీద ముందస్తు సెన్సార్‌షిప్ ఎత్తేశారు, సభలు స్వేచ్ఛగా జరిగాయి. ఆ గాలి కీవ్‌కూ వార్సాకూ తూర్పు బెర్లిన్‌కూ సోకుతుందని అక్కడి నాయకులు భయపడ్డారు. పోలండ్ నాయకుడు గొముల్కా, తూర్పు జర్మనీ నాయకుడు ఉల్‌బ్రిక్ట్ చర్య తీసుకోవాలని గట్టిగా పట్టుబట్టినవారే. ఈ ఒత్తిడిని మాస్కో ఆజ్ఞగా మాత్రమే చెప్పుకుంటే వారి బాధ్యత మరుగున పడుతుంది.

మరో పేరు తప్పక చెప్పాలి: వాత్స్‌లావ్ ప్రఖ్‌లిక్. చెకొస్లోవేకియా పార్టీలో రక్షణ, భద్రతా వ్యవహారాలు చూసిన సేనాని. 1968 జూలైలో పత్రికల వారి ముందు, వార్సా కూటమి ఉమ్మడి కమాండ్‌లో కీలక పదవులన్నీ సోవియట్ అధికారులవేననీ, ఇతర దేశాల ప్రతినిధులకు నిర్ణయాల్లో వాటా ఉండాలనీ అన్నారు. ఆయన అడిగింది కూటమిని వదలడం కాదు, కూటమిలో సమానత్వం. మాస్కో నుంచి తీవ్రమైన నిరసన వచ్చింది. ఆయన పదవి పోయింది. ఆగస్టు 20 రాత్రి సోవియట్, పోలండ్, హంగరీ, బల్గేరియా సేనలు లోపలికి వచ్చాయి. ప్రాగ్‌లోని రుజినె విమానాశ్రయాన్ని ముందుగా చేజిక్కించుకుని, రవాణా విమానాల్లో ట్యాంకులనూ దళాలనూ దింపారు. తూర్పు జర్మనీ సేనలను చివరి నిమిషంలో సరిహద్దు దగ్గరే ఆపేశారు. జర్మన్ సైనికులు మళ్లీ ప్రాగ్‌లో కనిపిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. రుమేనియా పాల్గొనలేదు, ఆగస్టు 21న బుఖారెస్ట్ నడిబొడ్డున వేలాది ప్రజల ముందు చౌషెస్కు ఆ చర్యను ఖండించారు. 1961 నుంచే దూరంగా ఉన్న అల్బేనియా సెప్టెంబరులో అధికారికంగా వైదొలగింది. దానికీ మాస్కోకూ మధ్య యుగోస్లావియా అడ్డం ఉంది కనుక ఏ సైన్యమూ కదలలేదు.

రైలుగార్డు:

ఒక చిన్న చేర్పు. సేనలు ఎక్కడ నిలిచి ఉన్నాయన్నదానికి రైలు పట్టాలతోనూ సంబంధం ఉంది. సోవియట్ రైలు పట్టాల వెడల్పు 1,520 మిల్లీమీటర్లు, పోలండ్, జర్మనీలది 1,435. సోవియట్, పోలండ్ సరిహద్దులోని బ్రెస్ట్ దగ్గర సరుకంతా ఒక బండిలోంచి మరో బండిలోకి మార్చాలి, లేదా పెట్టెల కింద చక్రాలు మార్చాలి. గుంతకల్లులో మీటర్ గేజి, బ్రాడ్ గేజి బండ్ల మధ్య సరుకు దించి ఎక్కించిన రోజులు గుర్తున్నవారికి ఇందులోని ఆలస్యం తెలుస్తుంది. యుద్ధం మొదలయ్యాక ట్యాంకు దళాలను పంపుదామంటే కుదరదు. అందుకే మూడు లక్షలకు పైగా సోవియట్ సైనికులు, వారి ట్యాంకులతో, మందుగుండుతో సహా తూర్పు జర్మనీలోనే ఏళ్ల తరబడి ఉన్నారు. అమెరికాకు అడ్డు మహాసముద్రం. అది తన దళాల ఆయుధాలను ముందుగానే పశ్చిమ జర్మనీ గిడ్డంగుల్లో ఉంచి, సైనికులను మాత్రం విమానాల్లో తెచ్చే కసరత్తును 1969 నుంచి దాదాపు ఏటా చేసింది.

రైన్‌తీరం:

నేను జర్మనీలో ఉంటాను. ఫుల్డా పట్టణానికి దగ్గరలో పాయింట్ ఆల్ఫా అనే చోట అమెరికన్ సేనల పాత పరిశీలన స్థావరాన్ని ప్రదర్శనశాలగా ఉంచారు. ఇటు అమెరికన్ కాపలా బురుజు, అటు కొద్ది వందల మీటర్ల దూరంలో తూర్పు జర్మనీ బురుజు, మధ్యలో కంచె. ఆ మెట్లెక్కి చూస్తే అవతలి బురుజు కిటికీ కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రెండు బురుజుల మధ్య గడ్డి మైదానమే ఫ్రాంక్‌ఫర్ట్‌కు దగ్గరి దారి. వార్సా కూటమి ట్యాంకులు వస్తే ఈ దారినే వస్తాయని నాటో భావించింది.

ఈ ప్రాంతపు పెద్దవారితో మాట్లాడితే వారి బాధ ఇంకొకటి. యుద్ధం వస్తే రెండు కూటముల అణ్వాయుధాలూ పడేది తమ ఊళ్ల మీదే. 1979 డిసెంబరు 12న నాటో, సోవియట్ మధ్యశ్రేణి అణు క్షిపణులైన ఎస్‌ఎస్-20లకు జవాబుగా 108 పెర్షింగ్-2లనూ 464 క్రూయిజ్ క్షిపణులనూ ఐరోపాలో ఉంచాలని, అదే సమయంలో చర్చలూ జరపాలని నిర్ణయించింది. పశ్చిమ జర్మనీ, బ్రిటన్, నెదర్లాండ్స్ వీధుల్లోకి లక్షల మంది వచ్చి వ్యతిరేకించారు. ప్రభుత్వాలు ఎన్నికల్లో దీనికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. తూర్పు జర్మనీలో ఇదే మాట అన్న శాంతి కార్యకర్తలను, ముఖ్యంగా చర్చిల చుట్టూ చేరిన యువకులను, నిఘా విభాగం వేధించింది. అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య కుదిరిన 1987 డిసెంబరు 8 ఒప్పందంతో ఆ తరగతి క్షిపణులన్నీ, రెండు పక్షాలవీ కలిపి 2,692, ధ్వంసమయ్యాయి.

డాల్ఫిన్‌నోస్:

నేను విశాఖపట్నం వాడిని. మా ఊరి సముద్రతీరంలో ఈ రెండు కూటముల పోటీ తాలూకు రెండు జ్ఞాపికలు ఉన్నాయి కనుక చెబుతాను.

ఆర్కే బీచ్‌లో ప్రదర్శనశాలగా ఉన్న ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. నాటో దేశాలు ఈ తరగతికి ఫాక్స్‌ట్రాట్ అని పేరు పెట్టుకున్నాయి. లోపలికి వెళ్లినవారికి తెలుస్తుంది: ఒక గదిలోంచి మరో గదిలోకి గుండ్రటి రంధ్రం గుండా తల వంచి, కాలు ఎత్తి దాటాలి, గొట్టాల మధ్య ఇద్దరు ఎదురైతే ఒకరు ఒత్తిగిలాలి. బ్యాటరీలు అయిపోతే నీటి పైకి రాక తప్పదు.

1962 అక్టోబరు 27న క్యూబా సమీపంలో అమెరికన్ నౌకలు చుట్టుముట్టిన బి-59 ఈ తరగతి జలాంతర్గామే. ఉత్తర సముద్రాల చలికి తయారైన నౌక అది. ఆ వెచ్చని నీటిలో లోపలి వేడి భరించరానిదైంది, బ్యాటరీలు తరిగిపోయాయి, పైకి రమ్మని హెచ్చరికగా చిన్న పేలుడు గుండ్లు వేస్తుంటే యుద్ధం మొదలైందో లేదో లోపలివారికి తెలియలేదు. అందులో ఒక అణు టార్పెడో ఉంది. కెప్టెన్ సావిత్‌స్కీ దాన్ని సిద్ధం చేయమన్నారనీ, అదే నౌకలో ఉన్న దళ అధికారి వాసిలీ ఆర్ఖిపోవ్ ఆయనను శాంతింపజేశారనీ ఆనాటి సిబ్బందిలో ఒకరు తరువాతి కాలంలో చెప్పారు. కృష్ణాతీరం గారు చెప్పిన జూపిటర్ బేరం జరిగింది ఆ సాయంత్రమే. కుర్సురా లోపల నిలబడి ఆ గంటలను ఊహించుకుంటే, అణ్వాయుధాల భయమే యుద్ధాన్ని ఆపుతుందనే అణు నిరోధం మాట మీద నాకు నమ్మకం సడలుతుంది.

రెండోది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. 1945 నాటి అమెరికన్ జలాంతర్గామి డయాబ్లోను 1964లో పాకిస్తాన్‌కు ఇచ్చారు. 1971 డిసెంబరు మొదట్లో అది మా తీరానికి దగ్గరలో సిబ్బంది అందరితో మునిగిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన గుండ్ల వల్లనని భారత్, లోపలి పేలుడు వల్లనని పాకిస్తాన్ అంటాయి. పాకిస్తాన్ అప్పుడు రెండు అమెరికా పక్ష కూటముల్లో, అంటే సీటోలోనూ సెంటోలోనూ సభ్యదేశం. 1965లోనూ 1971లోనూ అవి రెండూ యుద్ధంలోకి రాలేదు. తమ బాధ్యత కమ్యూనిస్టు దురాక్రమణకే పరిమితమని సీటో ఒప్పందంలోనే అమెరికా రాయించుకుంది. సీటో 1977లో, సెంటో 1979లో మూతపడ్డాయి.

కృష్ణాతీరం:

డాల్ఫిన్‌నోస్ గారి మాట నా వాదనకు దగ్గరగా ఉంది. ఆసియాలో అమెరికా నిలిపిన కూటములకూ నాటోకూ పోలిక లేదు. సీటోకు ఉమ్మడి కమాండే లేదు. కనుక ఫ్రాన్సు ఉదాహరణను తీసుకుని అమెరికా కూటములన్నీ ఇలాగే నడిచాయని అనుకోకూడదు. ఫ్రాన్సుకు సొంత అణ్వాయుధం ఉంది, భద్రతామండలిలో వీటో ఉంది. 1953లో ఇరాన్, 1954లో గ్వాటెమాలా ప్రభుత్వాలను అమెరికా నిఘా సంస్థ కూలదోసింది. అవి నాటో సభ్యులు కావు గాని, అగ్రరాజ్యం తన పరిధి అనుకున్నచోట ఏం చేసిందన్నది అక్కడ కనిపిస్తుంది. 

అధికరణం:

ఈ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. ఐరోపాలో అమెరికా చూపిన సహనాన్ని దాని స్వభావంగా కాక అక్కడి పరిస్థితిగా చూడాలి. అయినా వార్సా కూటమి గురించి ఒక పత్రం చెప్పి ముగిస్తాను. 1980లో యుద్ధకాల కమాండ్ నిబంధనలు ఆమోదించారు. యుద్ధం మొదలైతే సభ్యదేశాల సేనలు సోవియట్ సర్వసేనాధిపత్యం కిందికి వెళ్తాయి. రుమేనియా ఒక్కటే సంతకం చేయలేదు. ఇలాంటి ప్రణాళికలను దగ్గర నుంచి చూసిన పోలండ్ సైనికాధికారి కర్నల్ కుక్లిన్‌స్కీ, రెండు కూటములు తలపడితే తన దేశం అణు రణరంగమవుతుందన్న భయంతో 1972 నుంచి 1981 దాకా వేల పుటల పత్రాలను అమెరికాకు చేరవేశారు. పోలండ్‌లో ఆయనను ద్రోహి అనేవారూ దేశభక్తుడనేవారూ నేటికీ ఉన్నారు.

మూసీఒడ్డు:

ఐరోపా అంతటికీ భద్రతా ఒప్పందం కుదిరితే వార్సా ఒప్పందం తనంతట తానే రద్దవుతుందని అధికరణం గారు రాశారు. చివరికి అలాగే రద్దయిందా?

పాతపటాలు:

అలా కాలేదు. 1985 ఏప్రిల్‌లో, గోర్బచెవ్ సోవియట్ నాయకుడైన కొద్ది వారాలకు, వార్సాలో ఏడు దేశాలూ ఒప్పందాన్ని మరో ఇరవై ఏళ్లు పొడిగించాయి. అందులో ఏడేళ్లయినా పూర్తిగా గడవలేదు. 1989లో తూర్పు ఐరోపాలో ప్రభుత్వాలు ఒకదాని వెంట ఒకటి మారాయి; ఈసారి ట్యాంకులు కదలలేదు. జర్మనీ ఏకీకరణకు ముందు, 1990 సెప్టెంబరు 24న తూర్పు జర్మనీ కూటమి నుంచి వైదొలగింది. 1991 మార్చి 31న సైనిక విభాగాలు రద్దయ్యాయి, జూలై 1న ప్రాగ్‌లో ఒప్పందం రద్దుపై సంతకాలు చేశారు. 1956లో నాజ్ అడిగినది హంగరీకి అలా దక్కింది. ఆఖరి సోవియట్ దళాలు అంతకు పన్నెండు రోజుల ముందే, జూన్ 19న, ఆ దేశం దాటాయి.

ఐరోపా అంతటికీ సంబంధించిన ఒప్పందం ఒకటి ఈలోగా కుదిరింది గాని, అది ఆయుధాల గురించి. 1990 నవంబరు 19న పారిస్‌లో 22 దేశాలు, పదహారు నాటోవి, ఆరు వార్సా కూటమివి, సంప్రదాయ ఆయుధాలపై పరిమితులు ఒప్పుకున్నాయి. ఒక్కో కూటమికి 20,000 ట్యాంకులు, 20,000 ఫిరంగులు, 30,000 సాయుధ వాహనాలు, 6,800 యుద్ధవిమానాలు, 2,000 దాడి హెలికాప్టర్లు. లెక్క దేశాల వారీగా కాక కూటముల వారీగా వేశారు. అది అమలులోకి రాకముందే ఆ రెండింటిలో ఒక కూటమి లేకుండా పోయింది, 1991 చివరికి సోవియట్ యూనియనే లేకుండా పోయింది. దాని వాటా ట్యాంకులను రష్యా, ఉక్రెయిన్, బెలారస్ తదితర రిపబ్లిక్కులు 1992 మేలో తాష్కెంట్‌లో కూర్చుని పంచుకున్నాయి.